నాలుగు రూపాయల దుమ్ము: ఇంటి సోలార్ ప్యానెళ్లు కడిగే ముందు చదవాల్సిన పాఠం

క్లబ్ మీటింగులో ఈసారి సాంకేతిక వ్యాసం నా వంతుకు వచ్చింది. సీనియర్లు పెట్టిన షరతు ఒక్కటే: "క్లాసులో విన్నది రాయి, కానీ ఇంటికెళ్లి చదివి వినిపిస్తే అమ్మకు అర్థం కావాలి." నాది ఎలక్ట్రికల్ బ్రాంచి. మోటార్ల గురించి రాద్దామా, ట్రాన్స్‌ఫార్మర్ల గురించి రాద్దామా అని రెండు రోజులు తిరిగాను. చివరికి మొన్నటి ఎండాకాలం సెలవుల్లో నర్సంపేటలో మా ఇంటి స్లాబు మీద జరిగిన సంగతే రాయాలనిపించింది. అది మర్చిపోయే సంగతి కాదు.

మా ఇంటి మీద మూడు కిలోవాట్ల సోలార్ ఉంది. 540 వాట్ల ప్యానెళ్లు ఆరు. స్లాబుకు మూడు వైపులా పిట్టగోడ ఉంది. నాలుగో వైపు "రేపు ఇంకో గది వేసుకుందాం" అని వదిలేశారు. అక్కడ తుప్పు పట్టిన ఇనుప చువ్వలు తప్ప ఏ అడ్డమూ లేదు. మన ఊళ్లలో సగం ఇళ్లు ఇట్లనే ఉంటాయి కదా.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం. మధ్యాహ్నం పన్నెండున్నర. బాపు బోరు పైపు, బకెట్, బట్టల పొడి, గరుకు చీపురు తీసుకొని పైకెక్కాడు.

"మిర్చి కల్లాల దుమ్మంత వీటి మీదనే ఉంది. కరెంటు తక్కువొస్తుంది" అన్నాడు.

"ఇంత ఎండలనా బాపూ?"

"ఎండలైతెనే జల్ది ఆరుతయ్ బిడ్డా."

నేను కింద నీళ్ల వాల్వు తిప్పి పైకి వచ్చేసరికి నాలుగు ప్యానెళ్లు కడగడం అయిపోయింది. బాపు వెనక్కి వెనక్కి నడుస్తూ పైపు గుంజుతున్నాడు. కాళ్ల కింద స్లాబు మీద సబ్బు నురగ. పిట్టగోడ లేని వైపు ఇంకో అడుగు వెనక్కి వేశాడు. హవాయి చెప్పు జారింది. చటుక్కున ప్యానెళ్ల స్టాండు కాలు పట్టుకొని నిలబడ్డాడు. చెప్పు మాత్రం కింద వాకిట్లో పడింది. ఆ చప్పుడు విని అమ్మ బయటికి వచ్చి పైకి చూసింది. ఏమీ అనలేదు. ఏమన్నా అన్నా బాగుండేది.

అంతటితో అయిపోలేదు. నిలదొక్కుకున్న బాపుకి ప్యానెల్ కింద ఒక వైరు వేలాడుతూ కనిపించింది. కోతులు గుంజినట్టున్నాయి, ఒకచోట పై తొడుగు చిట్లి, నురగ నీళ్లలో పడి ఉంది. "ఇదేందిది, ఊడింది" అని తడి చేత్తోనే దాన్ని పైకి తీయబోయాడు. నేను అరిచిన అరుపుకు పక్కింటివాళ్లు కూడా వచ్చారు. బాపు చెయ్యి ఆగింది. కిందికి వచ్చి చూస్తే ఇన్వర్టర్ మీద పొద్దున లేని ఎర్ర లైటు వెలుగుతోంది. ఇన్సులేషన్ లోపం అని చూపిస్తోంది.

ఈ పాఠం ఆ రోజు బాపుకి నేను ముందే చెప్పి ఉండాల్సింది. మూడేళ్ల చదువు ఉండి కూడా చెప్పలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

1. ఈ కరెంటుకు స్విచ్ లేదు

ఇంట్లో ఫ్యాను రిపేరు చేయాలంటే ముందు మెయిన్ ఆపుతాం. ఆ అలవాటుతోనే సోలార్ దగ్గరికి వెళ్తాం. అక్కడే మోసపోతాం.

ప్యానెల్ మీద వెలుతురు పడినంతసేపూ అది కరెంటు పుట్టిస్తూనే ఉంటుంది. దాన్ని ఆపే బటన్ దాని మీద ఎక్కడా లేదు. ఊట బావిని తలుచుకోండి. మోటరు ఆపితే పైపులో నీళ్లు ఆగుతాయి, బావిలో ఊట ఆగదు. ఇన్వర్టర్ ఆపడం, డీసీ ఐసోలేటర్ తిప్పడం మోటరు ఆపడంలాంటివే. ఐసోలేటర్ నుంచి ప్యానెళ్ల దాకా ఉన్న వైర్లలో ఓల్టేజీ అలాగే ఉంటుంది. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోవడం మీరు చూసే ఉంటారు. స్తంభం మీద పనిచేస్తున్న లైన్‌మన్‌కి మన ఇంటి కరెంటు తగలకూడదని పెట్టిన ఏర్పాటు అది. అప్పుడు కూడా పైన ప్యానెళ్లు మాత్రం ప్రాణంతోనే ఉంటాయి.

ఎంత ఓల్టేజీ? 540 వాట్ల ప్యానెల్ ఒక్కొక్కటి, ఏమీ కలపకుండా వదిలేస్తే, దాదాపు 50 వోల్టులు ఇస్తుంది. టార్చిలైటులో సెల్స్ పెట్టినట్టు ఆరింటిని ఒకదాని వెనక ఒకటి కలుపుతారు. అంటే 300 వోల్టుల డీసీ. మన ప్లగ్గులో ఉండేది 230 వోల్టుల ఏసీ. పైన ఉన్నది దానికంటే తక్కువేమీ కాదు, పైగా దాని గుణం వేరు.

ఆ గుణం రెండు విధాలుగా ఇబ్బంది పెడుతుంది. మొదటిది నిప్పురవ్వ. మన ఏసీ కరెంటు సెకనుకు 100 సార్లు సున్నాకు వచ్చి పోతుంది. అందుకే స్విచ్ తీసినప్పుడు లేచిన మెరుపు తనంతట తానే ఆరిపోతుంది. డీసీకి సున్నా లేదు. కరెంటు పారుతుండగా జాయింటు ఊడదీస్తే మెరుపు సాగుతూనే ఉంటుంది, ప్లాస్టిక్‌ను కరిగించేంత వేడి పుడుతుంది. ప్యానెళ్ల మధ్య ఉండే ఎంసీ4 కనెక్టర్లను కడిగే నెపంతో విప్పకూడదని చెప్పేది ఇందుకే.

రెండోది ఫ్యూజు. ఇంట్లో షార్ట్ అయితే కరెంటు ఒక్కసారిగా ఎన్నో రెట్లు పెరిగి ఫ్యూజు కొట్టేస్తుంది. మన 540 వాట్ల ప్యానెల్ మామూలుగా ఇచ్చేది 13 ఆంపియర్లు. పూర్తిగా షార్ట్ చేసినా 14 దాటదు. ఆ చిన్న తేడా చూసి ఫ్యూజు ఏం కనిపెడుతుంది? కాబట్టి ఒకే వరుస ఉన్న ఇంట్లో, పైన తప్పు జరిగితే ఫ్యూజు కాపాడుతుందిలే అనుకోవద్దు. మా ఇంట్లో తప్పు కనిపెట్టింది ఇన్వర్టర్. వైర్ల నుంచి భూమికి కరెంటు కారుతోందని గమనించి ఆగిపోయి ఎర్ర లైటు వేసింది. కానీ అది ఆపగలిగింది తనను మాత్రమే, పైనున్న వైరును కాదు. ఒకచోట లీకు ఉన్నప్పుడు మనం ఇంకోచోట తడి చేత్తో ముట్టుకుంటే దారి మన ఒంటి గుండా పూర్తవుతుంది.

"పొద్దున్నే మబ్బుల్లో చేస్తే కరెంటు ఉండదు కదా" అని ఒక మిత్రుడు అడిగాడు. వెలుతురు తగ్గితే తగ్గేది ముఖ్యంగా ఆంపియర్లు. ఓల్టేజీ పెద్దగా తగ్గదు. వెలుతురు పదో వంతే ఉన్నా ఒక ఆంపియరు పైన వస్తుంది. మనిషి ప్రాణం పోవడానికి అందులో చిన్న భాగం చాలు. తెల్లవారుజామున కడగమని నేనూ చెప్తాను, కానీ కారణం వేరు. అది ముందు వస్తుంది.

2. దుమ్ము ఎంత తింటుంది?

బాపు అన్నమాట అబద్ధం కాదు. దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది. చెరువుకు పూడిక ఎట్లనో ప్యానెల్‌కు దుమ్ము అట్ల. కానీ ఎంత తగ్గుతుందన్నదే అసలు ప్రశ్న. దానికి ప్రపంచంలో ఒకే జవాబు లేదు.

అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియాగో వాళ్లు 2013లో ఒక పరిశోధన చెప్పారు. వాన చుక్క లేకుండా 145 రోజులు కడగకుండా వదిలేసిన ప్యానెళ్లు కోల్పోయింది 7.4 శాతమే. ఇళ్లవాళ్లు డబ్బులిచ్చి కడిగించుకోవడం దండగ అని వాళ్లు తేల్చారు. మన దేశంలో ఐఐటీ గాంధీనగర్ మీది ప్యానెళ్ల మీద, అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంతో కలిసి చేసి 2017లో ప్రచురించిన పరిశోధన దీనికి ఎదురు చెప్పింది. కొన్ని వారాలు వదిలేసి కడిగిన ప్రతిసారీ సామర్థ్యం 50 శాతం దాకా పెరిగింది. అక్కడి మురికిలో 92 శాతం దుమ్ము, మిగతాది పొగ, రసాయన కణాలు.

రెండూ నిజాలే. ఊరు వేరు, గాలి వేరు. మరి నర్సంపేట ఏ లెక్కలోకి వస్తుంది? జనవరి నుంచి మిర్చి కల్లాలు, పత్తి మిల్లుల నూగు, మక్కలు ఆడించే మిషన్ల పొట్టు, వరికోత మిషన్లు లేపే దుమ్ము. జూన్ దాటితే వానలే కడిగేస్తాయి. అంటే ఒకే ఊళ్లో, ఒకే ఇంటి మీద, మార్చి లెక్క ఆగస్టు లెక్క ఒకటి కాదు. మెయిన్ రోడ్డు పక్కనున్న ఇంటి లెక్క, పొలాల అంచున ఉన్న ఇంటి లెక్క కూడా ఒకటి కాదు.

కాబట్టి ఎవరింటి లెక్క వాళ్లు కొలుచుకోవాలి. కష్టమేమీ కాదు:

• ఇన్వర్టర్ తెరమీద గానీ ఫోన్ యాప్‌లో గానీ "ఈ రోజు యూనిట్లు" అని ఉంటుంది. అది రాసుకోండి. గోడ మీది నెట్ మీటర్ చూడొద్దు. ఇంట్లో వాడుకున్నది పోగా మిగిలి బయటికి వెళ్లినదే అందులో కనిపిస్తుంది.
• మబ్బు లేని రోజు రీడింగును, కడిగిన తర్వాత మబ్బు లేని రోజు రీడింగుతో పోల్చండి. రెండింటి మధ్య వారం పది రోజులకంటే ఎక్కువ తేడా ఉండొద్దు.
• ఎండ బాగా మండిన రోజు యూనిట్లు తగ్గితే వెంటనే దుమ్ము మీదికి నెట్టొద్దు. ప్యానెల్ వేడెక్కినకొద్దీ ఒక్కో డిగ్రీకి దాదాపు 0.35 శాతం శక్తి పోతుంది. మే నెలలో మన ప్యానెల్ 60 డిగ్రీలు దాటుతుంది. ఆ నష్టాన్ని ఏ చీపురూ తీర్చలేదు.

ఆ ఆదివారం తర్వాత నేను మా ఇంటి లెక్క తీశాను. ముందు రోజు శనివారం 13.2 యూనిట్లు. వైరు బాగుచేయించాక వచ్చిన మొదటి తేట ఎండ రోజు 14 యూనిట్లు. తేడా 0.8 యూనిట్లు. దగ్గర దగ్గర ఆరు శాతం. యూనిట్‌కి ఐదు రూపాయలు వేసుకుంటే రోజుకు నాలుగు రూపాయలు. ఒక్క ఇంటి, రెండు రోజుల లెక్క ఇది, దీన్ని పరిశోధన అననుగానీ, నాకు కావల్సింది అందులో దొరికింది. నెలకు నూటా ఇరవై రూపాయలు. కడగడం దండగ కాదు. కానీ దానికోసం పిట్టగోడ లేని అంచున సబ్బు నీళ్లలో వెనక్కి నడవొచ్చా? ఆ అంకె కాగితం మీద రాసి బాపుకి చూపించాను. చాలాసేపు చూసి, "నాలుగు రూపాయలకా" అన్నాడు. అంతే.

3. మబ్బంత దుమ్ము కంటే గింజంత రెట్ట చెడ్డది

అంతటా సమంగా పరుచుకున్న పలుచటి దుమ్ము కంటే ఒకేచోట పడిన పిట్ట రెట్ట, అంటుకున్న ఆకు ఎక్కువ నష్టం చేస్తాయి. ఎందుకో చూద్దాం.

స్లాబు పోసేటప్పుడు కూలీలు వరుసగా నిలబడి కంకర తట్టలు అందించడం చూశారు కదా. వరుసలో ఒక్కరికి చెయ్యి నొప్పి పుట్టి నెమ్మదిస్తే మిగతా వరుసంతా నెమ్మదిస్తుంది. వెనకాల తట్టలు వచ్చి పడి, ఆ ఒక్కరి మీదే భారం పెరుగుతుంది. ప్యానెల్ లోపలి సెల్స్ కూడా అట్లనే వరుసగా కట్టినవి. రెట్ట కింద ఉన్న సెల్‌కు వెలుతురు అందదు. మిగతా సెల్స్ నెట్టే కరెంటు దాని గుండా పోలేక అక్కడ వేడిగా మారుతుంది. దీన్నే హాట్‌స్పాట్ అంటారు. నెలల తరబడి వదిలేస్తే ఆ చోట గోధుమ రంగు మచ్చ పడుతుంది, అద్దం కూడా పగలొచ్చు.

ఇట్లాంటి సందర్భానికే ప్యానెల్ వెనక పెట్టెలో బైపాస్ డయోడ్లు, మామూలుగా మూడు, పెడతారు. నెమ్మదించిన భాగాన్ని పక్కన పెట్టి కరెంటును వేరే దారిన పంపుతాయి. ప్రమాదం తగ్గుతుంది గానీ ఆ భాగం ఇచ్చే కరెంటు ఆ పూటకు పోయినట్టే.

అందుకే కడగడానికి టైం లేకపోతే కనీసం రెట్టలు, ఆకులు చూసుకోండి. ఇంకోటి, మన దగ్గర ప్యానెళ్లు దక్షిణానికి కొద్దిగా వాలుగా ఉంటాయి. వాన నీళ్లు కిందికి జారి, కింది ఫ్రేము అంచు దగ్గర ఆగి, బురద గీతలాగా ఎండిపోతాయి. పైనంతా తళతళలాడుతున్నా ఆ వేలెడు గీత కింది వరుస సెల్స్ అన్నింటినీ కప్పేస్తుంది. వానాకాలంలో కడగక్కర్లేదు అనుకునేవాళ్లు ఆ గీతను మాత్రం ఒకసారి చూడాలి.

4. నీళ్లు, పొడులు, చీపుర్లు

ఎప్పుడు కడగాలి? సూర్యుడు పొడిచే వేళ, లేదా పొద్దు గూకే వేళ. మధ్యాహ్నం 60 డిగ్రీల మీదున్న అద్దం మీద చల్లటి బోరు నీళ్లు కొడితే, పొయ్యి మీది గాజు గిన్నెలో చన్నీళ్లు పోసినట్టే. ప్రతిసారీ పగలదు, కానీ లోపల సన్నటి చీలికలకు అది దారి. పైగా నీళ్లు తుడిచేలోపే ఆరిపోయి మరకలు మిగులుతాయి. బాపు అన్న "జల్ది ఆరుతయ్" అన్నదే ఇక్కడ నష్టం. తెల్లవారుజామున అద్దం చల్లగా ఉంటుంది, మంచుకు దుమ్ము నాని ఉంటుంది, మన తల మీద ఎండ ఉండదు.

ఏ నీళ్లు? మన బోర్ల నీళ్లు చాలాచోట్ల ఉప్పదనం, సున్నం ఉన్నవి. స్నానాల గదిలో నల్లాల చుట్టూ తెల్లగా పేరుకునేది అదే. ప్యానెల్ మీద ఆరితే అక్కడా అదే పొర పడుతుంది. దుమ్ము తీసేసి సున్నం పూసినట్టవుతుంది. వాన నీళ్లు పట్టి పెట్టుకుంటే అంతకంటే మంచివి లేవు. లేదంటే కుళాయికి వచ్చే తేలిక నీళ్లు. బోరు నీళ్లే గతి అయితే ఆరకముందే రబ్బరు వైపర్‌తో లాగేయండి. ఒక్కమాట: వాటర్ ఫిల్టర్ పైపు నుంచి వృథాగా పోయే నీళ్లను పొదుపు అని వాడొద్దు. మంచినీళ్లలోంచి తీసేసిన ఉప్పంతా వాటిలోనే ఉంటుంది. ఆరు ప్యానెళ్లకు ఒకటి రెండు బకెట్లు చాలు, పైపు పెట్టి తడపక్కర్లేదు.

బట్టల పొడి, సోడా, బూడిద, గిన్నెల పీచు, గరుకు చీపురు, కారు కడిగే ప్రెషర్ మిషన్ వద్దు. ప్యానెల్ అద్దం మీద వెలుతురు తిరిగి పోకుండా ఒక పొర పూస్తారు. దాని మందం నూటికి అటూ ఇటూగా నానోమీటర్లు. మన వెంట్రుకను వందల పొరలుగా చీలిస్తే ఎంతో అంత. పొడి రాస్తే గీతలు పడేది ముందు దానికే. ప్రెషర్ మిషన్ నీళ్లను ఫ్రేము సందుల్లోకి, కనెక్టర్లలోకి తోస్తుంది. మెత్తటి గుడ్డ లేదా స్పాంజి, పొడుగు కర్రకు కట్టిన మెత్తటి మాపు, చాలు. ఎండిన రెట్టను గోకొద్దు. తడి గుడ్డ దాని మీద పది నిమిషాలు పరచండి, అదే ఊడి వస్తుంది. వట్టి దుమ్మును పొడిగా రుద్దితే ఇసుక కాగితంతో రుద్దినట్టే, ముందు నీళ్లు చల్లాలి.

5. కడిగే రోజు వరుస

1. ముందు రోజే పగటి వెలుతురులో, ఏదీ ముట్టుకోకుండా, వైర్లు చూడండి. వేలాడే వైరు, చిట్లిన తొడుగు, పగిలిన అద్దం, కాలిన వాసన, ఇన్వర్టర్ మీద ఎర్ర లైటు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా కడగడం రద్దు. నీళ్లు దానికి అగ్గిపుల్ల లాంటివి. పెట్టిన సంస్థకు ఫోన్ చేయండి.
2. కడిగే పూట ముందు ఏసీ వైపు బ్రేకర్, తర్వాత డీసీ ఐసోలేటర్ ఆపండి. ఇన్వర్టర్ పక్కన అంటించిన కాగితంలో వరుస ఇంకోలా ఉంటే అదే పాటించండి. ఆపాక ఐదు నిమిషాలు ఆగండి. లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలవ ఉంటుంది.
3. ఆపాం కదా అని వైర్లు ముట్టొద్దు. మొదటి భాగం గుర్తుంది కదా, ఊట ఆగలేదు.
4. అద్దం పైవైపు మాత్రమే తడపండి. ప్యానెల్ కింద వైపుకు, పెట్టెల మీదికి నీళ్లు కొట్టొద్దు.
5. పై నుంచి కిందికి తుడవండి, చివర కింది అంచు బురద గీత, ఆ తర్వాత వైపర్.
6. చుట్టూ ఆరాక, కాగితంలో ఉన్న వరుసలో తిరిగి వేయండి. పది నిమిషాలకు పచ్చ లైటు వచ్చిందా, వాట్లు పెరుగుతున్నాయా చూసి కిందికి రండి.

6. ఎక్కేవాళ్ల సంగతి

నిజం చెప్పాలంటే ఆ రోజు మా ఇంట్లో కరెంటు కంటే ముందు వచ్చిన ప్రమాదం స్లాబు అంచు. మన పుస్తకాల్లో ఓమ్ నియమం ఉంటుంది, తడి స్లాబు మీద హవాయి చెప్పు నియమం ఉండదు. కాబట్టి ఇవి నేను కలుపుతున్నాను.

ఒక్కరే ఎక్కొద్దు. రెండో మనిషి పని చేయక్కర్లేదు, చూస్తూ ఉంటే చాలు. వెనక్కి నడవొద్దు. పిట్టగోడ లేని వైపు అంచుకు రెండు గజాల ఇవతల తాడు కట్టండి, తాడు దాటి అడుగు వేయొద్దు. అక్కడి ప్యానెల్‌ను ఇవతలి నుంచే పొడుగు కర్రతో తుడవండి. అందకపోతే ఆ ఒక్కటీ వదిలేయండి. ఒక ప్యానెల్ దుమ్ము రోజుకు రూపాయి కూడా కాదు. రేకుల ఇళ్లవాళ్లు, ఎత్తు స్టాండు మీద ప్యానెళ్లు పెట్టుకున్నవాళ్లు అసలు ఎక్కొద్దు. పట్టీ, తాడు ఉన్న పనివాళ్లను పిలవండి.

కర్ర చెక్కది, ప్లాస్టిక్‌ది, ఫైబర్‌ది ఉండాలి. అల్యూమినియం గొట్టం వద్దు. మన గల్లీల్లో కరెంటు తీగలు స్లాబుకు ఎంత దగ్గరగా పోతాయో మీకు తెలుసు. తడి లోహపు కర్ర అటు తిరిగితే తగలక్కర్లేదు, పెద్ద లైను అయితే దగ్గరికి వెళ్లినా చాలు.

ప్యానెల్ మీద కాలు పెట్టొద్దు, మోకాలు ఆన్చొద్దు. లోపలి సిలికాన్ సెల్ మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు. అద్దం వంగితే సెల్ చీలుతుంది. కంటికి కనపడదు, రెండేళ్లకు యూనిట్లలో కనపడుతుంది.

ఎవరికన్నా షాక్ కొడితే చేత్తో పట్టి లాగొద్దు. ఎండిన కర్రతో విడదీసి 108కి ఫోన్ చేయండి. ప్యానెళ్ల దగ్గర పొగ వస్తే నీళ్లు పోయొద్దు. వీలైతే కింద స్విచ్‌లు ఆపి, అందరూ దూరం వచ్చి 101కి చేసి, "ఇంటి మీద సోలార్ ఉంది" అని ముందే చెప్పండి. వచ్చేవాళ్ల ప్రాణానికి ఆ ఒక్క వాక్యం అవసరం. స్తంభం వైపు, మీటరు వైపు సమస్య అయితే 1912.

7. కళ్లతో చేసే నిర్వహణ

కడగడం నిర్వహణలో చిన్న భాగం. పెద్ద భాగం చూడటమే, దానికి ఎక్కడికీ ఎక్కి వేలాడక్కర్లేదు. నెలకోసారి పది నిమిషాలు:

• యూనిట్లు పోయిన నెలతో పోలిస్తే ఉన్నట్టుండి పడిపోయాయా? దుమ్ము నెమ్మదిగా తగ్గిస్తుంది. ఒక్కరోజులో పడిపోతే అది దుమ్ము కాదు, లోపం.
• వైర్లు స్లాబును తాకుతున్నాయా? కట్టిన ప్లాస్టిక్ పట్టీలు ఎండకు పెళుసై తెగుతాయి. వైరు, కనెక్టరు నీళ్లలో నానకూడదు.
• కోతులు. మన ఊళ్లో దీనికి వేరే భాగం రాయొచ్చు. ప్యానెళ్ల మీద ఊగుతాయి, వైర్లు గుంజుతాయి. వైర్లను గొట్టాల్లో పెట్టించడం, ప్యానెళ్ల కింద చుట్టూ జాలీ కొట్టించడం మంచిది. ఆ జాలీ గాలి ఆడనివ్వాలి, లేకపోతే వేడి పెరుగుతుంది.
• డీసీ పెట్టెలో పిడుగు నుంచి కాపాడే చిన్న పరికరం ఉంటుంది. దాని కిటికీ పచ్చగా ఉండాలి. ఎర్రగా మారితే అది ఒకసారి మనల్ని కాపాడి తాను పోయిందని అర్థం. ఏప్రిల్, మే గాలిదుమారాల తర్వాత తప్పక చూడాలి.
• ఎర్తింగు గుంతలు. ఎండాకాలం నేల ఎండితే ఎర్తు బలహీనపడుతుంది. గుంతలో వారానికి రెండు బిందెలు పోయండి. ఆ రోజు బాపు పట్టుకున్న ఇనుప స్టాండుకు ఎర్తు సరిగ్గా ఉండబట్టే నేను ఈ వ్యాసం ఈ గొంతుతో రాయగలుగుతున్నానని నా నమ్మకం.

2024లో పీఎం సూర్యఘర్ పథకం వచ్చాక మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ దొరుకుతోంది. మన వీధుల్లో నల్లటి ప్యానెళ్లు పెరుగుతున్నాయి. ఆ పథకం కింద పెట్టించుకున్నవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: పెట్టిన సంస్థే ఐదేళ్లు నిర్వహణ చూడాలన్నది నిబంధన. చిట్లిన వైరుకు టేపు చుట్టే పని మనది కాదు. మా ఇంటికీ వాళ్లే వచ్చి వైరు మార్చి వెళ్లారు.

చివరగా, ఒక హోంవర్క్

ఈ నెల ఇంటికి వెళ్లినప్పుడు ఒక పని చేయండి. ఇంటి మీద సోలార్ ఉంటే అమ్మానాన్నలను తీసుకెళ్లి డీసీ ఐసోలేటర్ ఎక్కడుందో వేలు పెట్టి చూపించండి. "ఇది ఆపినా పైన కరెంటు ఉంటుంది" అన్న వాక్యం వాళ్ల నోటితో ఒకసారి అనిపించండి. మనం పరీక్షలో పదహారు మార్కులకు రాసే జవాబు వాళ్లకు ఆ ఒక్క వాక్యంలో చాలు.

మా ఇంట్లో ఇప్పుడు ఇన్వర్టర్ పక్కన గోడ మీద సుద్దముక్కతో అంకెలు ఉంటాయి. రోజూ సాయంత్రం బాపే రాస్తాడు. మిర్చి కల్లాల కాలంలో ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తాడు.

"పన్నెండున్నర్ర పడ్డది బిడ్డా. కడగాల్నా?"

"పొద్దున ఆరింటికి. అమ్మను తోడు తీస్కపో. చెప్పులేస్కోకు."

స్లాబు నాలుగో వైపు పిట్టగోడకు ఇటుకలు తెప్పించాడట. గది సంగతి తర్వాత చూద్దామన్నాడు.